యూ థాంట్

యూ థాంట్ (1909 జనవరి 22 - 1974 నవంబరు 25) బర్మా దేశానికి చెందిన విద్యావేత్త, దౌత్యవేత్త, ఐక్యరాజ్య సమితి మూడవ ప్రధాన కార్యదర్శి. 1961 నవంబరు నుండి 1971 డిసెంబరు వరకు పది సంవత్సరాలకు పైగా ఆ పదవిని నిర్వహించాడు. ఐరోపా ఖండానికి వెలుపలి నుండి ఆ పదవికి వచ్చిన మొట్టమొదటి వ్యక్తి ఇతడే. 1962లో క్యూబా క్షిపణుల సంక్షోభ సమయంలో రెండు అగ్రరాజ్యాల మధ్య రాయబారం నడిపాడు. 1967లో ఈజిప్టు నుండి శాంతి దళాన్ని ఉపసంహరించినందుకు తీవ్రమైన నిందను మోశాడు.

బర్మీయులకు ఇంటిపేర్లు ఉండవు. "థాంట్" అన్నదొక్కటే ఆయన పేరు. ముందున్నది పెద్దలను గౌరవంగా పిలిచే మాట, మన "శ్రీ" వంటిది. బర్మీయులు దానిని "ఊ" అని పలుకుతారు. ఆంగ్ల పత్రికల ప్రభావం వలన తెలుగు పత్రికలలో "యూ థాంట్" అన్న రూపమే స్థిరపడింది.

బాల్యం, విద్యాభ్యాసం

థాంట్ ఐరావతీ నది డెల్టా ప్రాంతంలోని పంతనా పట్టణంలో జన్మించాడు. నలుగురు కుమారులలో పెద్దవాడు. తండ్రి పో నిట్ భూస్వామి, బియ్యపు వర్తకుడు. రంగూను నుండి వెలువడిన "తురియ" (సూర్యుడు) పత్రిక స్థాపనలో ఆయనకు భాగముంది. పుస్తకాలతో నిండిన ఇంట్లో పెరిగిన థాంట్‌కు చిన్ననాటనే చదువుపై మక్కువ ఏర్పడింది. తనకు పద్నాలుగేళ్ల వయసులో తండ్రి మరణించగా, వారసత్వపు తగాదాల వలన కుటుంబం ఇబ్బందుల పాలయింది. రంగూను విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువుతున్నప్పటికీ, తల్లిని, తమ్ముళ్లను ఆదుకోవలసిన బాధ్యత వలన పట్టా పుచ్చుకోకుండానే రెండేళ్ల చదువుతో సరిపెట్టుకొని, 1928లో ఉపాధ్యాయుడిగా స్వస్థలానికి తిరిగి వచ్చాడు.

ఆయన చదువుకున్న నాటి రంగూను జనాభాలో సగానికి పైగా భారతీయులే. ఓడరేవులో బరువులు మోసినవారిలో ఆంధ్ర తీరం నుండి వలస వెళ్లిన తెలుగువారు అధికం. కోరంగి రేవు పేరు మీదుగా వారిని అక్కడ "కోరంగీలు" అని పిలిచేవారు.

ఉపాధ్యాయ వృత్తి

పంతనా జాతీయ ఉన్నత పాఠశాలలో థాంట్ ఉపాధ్యాయుడిగా చేరాడు. అఖిల బర్మా ఉపాధ్యాయ పరీక్షలో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణుడై, ఇరవై అయిదేళ్ల వయసుకే ప్రధానోపాధ్యాయుడయ్యాడు. తరువాతి కాలంలో బర్మా ప్రధానమంత్రి అయిన ఊ ను అదే పాఠశాలకు పర్యవేక్షకుడిగా వచ్చాడు. వారి జీవితకాలపు స్నేహం అక్కడే బలపడింది.

బోధనతో పాటు థాంట్ "తిలావా" అన్న కలం పేరుతో పత్రికలకు విరివిగా వ్యాసాలు వ్రాశాడు. నానాజాతి సమితిపై వచ్చిన ఒక గ్రంథాన్ని బర్మీ భాషలోకి అనువదించాడు. డెల్టా పట్టణంలో పాఠాలు చెప్పుకొంటున్న యువకుడు, విఫలమవుతున్న ఒక ప్రపంచ సంస్థ గురించి తన వారి కోసం పుస్తకం వ్రాయడం, ఆ తరువాత మూడు దశాబ్దాలకు దాని వారసురాలైన సంస్థకే కార్యదర్శి కావడం విశేషం. 1934లో దా తేన్ టిన్‌ను వివాహమాడాడు.

జపానీయుల ఆక్రమణ కాలంలో కొంతకాలం రంగూనులో విద్యా పునర్వ్యవస్థీకరణ సంఘానికి కార్యదర్శిగా ఉండి, తిరిగి తన పాఠశాలకే వచ్చాడు. పాఠశాలలో జపాను భాషను నిర్బంధంగా బోధించవలెనన్న ఆజ్ఞను అమలు చేయలేదు.

ప్రభుత్వ సేవ

1947లో ఊ ను ఆహ్వానం మీద రాజకీయ ప్రచార రంగంలోకి వచ్చాడు. 1948లో ప్రసార శాఖ సంచాలకుడిగా, మరుసటి ఏడు సమాచార శాఖ కార్యదర్శిగా నియమితుడయ్యాడు. స్వాతంత్ర్యం వచ్చిన వెంటనే బర్మాలో అంతర్యుద్ధం చెలరేగింది. కారెన్ తిరుగుబాటులో పంతనాలోని ఆయన ఇల్లు అగ్నికి ఆహుతయింది. 1951 నుండి 1957 వరకు ప్రధానమంత్రి కార్యదర్శిగా ఉంటూ, 1955లో బాండుంగ్ ఆసియా-ఆఫ్రికా సమావేశానికి కార్యదర్శిగా వ్యవహరించాడు. 1957లో ఐక్యరాజ్య సమితిలో బర్మా శాశ్వత ప్రతినిధిగా న్యూయార్కు వెళ్లాడు.

ప్రధాన కార్యదర్శిగా

1961 సెప్టెంబరు 18న ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షెల్డ్ ఆఫ్రికాలో విమాన ప్రమాదంలో మరణించాడు. ఒక్క కార్యదర్శికి బదులు ముగ్గురితో కూడిన మండలి ఉండవలెనని, ప్రతివారికీ అడ్డుకొనే హక్కు ఉండవలెనని సోవియట్ యూనియన్ అప్పటికే పట్టుబడుతోంది. అది నెగ్గినట్లయితే ఆ పదవికి అర్థమే ఉండేది కాదు. అమెరికా, సోవియట్ యూనియన్ రెండింటికీ సమ్మతమైన వ్యక్తి కోసం జరిగిన వెదుకులాటలో థాంట్ పేరు తేలింది. అలీన దేశస్థుడు, ఎవరితోనూ కయ్యం లేనివాడు. 1961 నవంబరు 3న తాత్కాలిక కార్యదర్శిగా బాధ్యతలు స్వీకరించాడు. 1962 నవంబరు 30న సాధారణ సభ ఆయనను ఏకగ్రీవంగా పూర్తి పదవిలో నియమించింది. ఆ మధ్యలోనే, 1962లో, ఆయన కుమారుడు రంగూనులో బస్సు నుండి పడి మరణించాడు.

ప్రధాన కార్యదర్శికి సైన్యం లేదు, ఖజానా లేదు, వీటో లేదు. ఉత్తరం వ్రాయగలడు, పిలిచి మాట్లాడగలడు, భద్రతా మండలి దృష్టికి ఒక విషయాన్ని తీసుకొని రాగలడు. ఈ స్వల్ప సాధనాలతో ఏమి సాధ్యమో, ఏమి అసాధ్యమో థాంట్ పదవీకాలంలోని రెండు ఘట్టాలు చూపుతాయి.

క్యూబా క్షిపణుల సంక్షోభం

క్యూబాలో సోవియట్ అణుక్షిపణులు ఉన్నాయని, ఆ ద్వీపానికి ఆయుధాలు చేరకుండా నౌకాదళంతో అడ్డుకొంటామని 1962 అక్టోబరు 22న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ప్రకటించాడు. సోవియట్ నౌకలు అప్పటికే దారిలో ఉన్నాయి. నలభైకి పైగా అలీన, చిన్న దేశాల ప్రతినిధులు థాంట్‌ను కలిసి జోక్యం చేసుకొమ్మని కోరారు. 24వ తేదీన ఆయన కెన్నెడీకి, సోవియట్ నాయకుడు కృశ్చెవ్‌కు ఒకే విధమైన లేఖలు పంపాడు. రెండు మూడు వారాల పాటు సోవియట్ పక్షం ఆయుధాల రవాణాను, అమెరికా దిగ్బంధాన్ని స్వచ్ఛందంగా నిలిపివేయవలెనన్నది దాని సారాంశం. కృశ్చెవ్ అంగీకరించాడు. అయితే అమర్చిన క్షిపణులు అట్లే ఉండిపోతాయి కనుక కెన్నెడీకి అది రుచించలేదు.

మరునాడే థాంట్ రెండవ విడత లేఖలు పంపాడు. ఈసారి కోరిక చిన్నది. సోవియట్ నౌకలు కొద్దికాలం దిగ్బంధ రేఖకు దూరంగా ఉండవలెను, అమెరికా నౌకలు వాటితో ముఖాముఖి తలపడకుండా చూడవలెను. దీనికి ఇరుపక్షాలూ ఒప్పుకొన్నాయి. ప్రత్యర్థి హెచ్చరికకు తలవంచితే పరువు పోతుంది, కానీ ప్రపంచ సంస్థ విన్నపాన్ని మన్నించినట్లయితే పోదు. సంధిమాటలకు కావలసిన వ్యవధి ఆ విధంగా చిక్కింది. 28న కృశ్చెవ్ క్షిపణులను తొలగించడానికి అంగీకరించాడు.

అక్టోబరు 30న థాంట్ హవానా వెళ్లాడు. తన ప్రమేయం లేకుండా అగ్రరాజ్యాలు ఒప్పందం చేసుకొన్నందుకు ఆగ్రహంతో ఉన్న క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రో తనిఖీలకు ససేమిరా అన్నాడు. క్యూబాపై కూల్చివేయబడిన అమెరికా నిఘా విమాన చోదకుడి భౌతికకాయాన్ని అప్పగించడానికి మాత్రం సమ్మతించాడు. 1963 జనవరి 7న అమెరికా, సోవియట్ ప్రతినిధులు సంయుక్తంగా లేఖ వ్రాసి థాంట్ సహకారానికి కృతజ్ఞతలు తెలిపారు. అయినప్పటికీ ఆ సంక్షోభంపై వెలువడిన అనేక గ్రంథాలలో ఆయన పాత్ర ఒకటి రెండు వాక్యాలకే పరిమితమయింది. ఇది న్యాయం కాదు.

కాంగో, భారత్-పాకిస్తాన్ యుద్ధం

హామర్‌షెల్డ్ వదలి వెళ్లిన కాంగో సమస్య కూడా థాంట్‌కు సంక్రమించింది. శాంతివాది, నిష్ఠాపరుడైన బౌద్ధుడు అయినప్పటికీ, కటాంగా రాష్ట్రపు వేర్పాటును అణచడానికి సమితి దళాలు బలప్రయోగం చేయడానికి ఆయన అనుమతించాడు. ఆ పోరాటంలోనే 1961 డిసెంబరు 5న భారత సైన్యానికి చెందిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా ప్రాణాలర్పించి పరమవీర చక్ర పొందాడు. మేజర్ జనరల్ దేవాన్ ప్రేంచంద్ నాయకత్వంలో జరిగిన చర్యతో 1963 జనవరిలో వేర్పాటు అంతమయింది.

1965 సెప్టెంబరులో భారత్, పాకిస్తాన్‌ల మధ్య యుద్ధం సాగుతుండగానే థాంట్ రావల్పిండి, ఢిల్లీ నగరాలకు వచ్చి అయూబ్ ఖాన్, లాల్ బహదూర్ శాస్త్రిలతో చర్చలు జరిపాడు. తక్షణ ఫలితం రాలేదు. భద్రతా మండలి తీర్మానం తరువాత 23వ తేదీన కాల్పులు ఆగాయి. అంతర్జాతీయ అవగాహనకు భారత ప్రభుత్వం నెలకొల్పిన జవహర్‌లాల్ నెహ్రూ పురస్కారాన్ని మొట్టమొదట, 1965 సంవత్సరానికి, అందుకొన్నది థాంటే. ఆయన కార్యాలయ ముఖ్యాధికారి చక్రవర్తి వి. నరసింహన్, సైనిక సలహాదారు ఇందర్‌జిత్ రిఖీ భారతీయులు. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి 1966 అక్టోబరులో సమితి దినోత్సవ సందర్భంగా న్యూయార్కులో చేసిన సుప్రసిద్ధ గానకచేరీ కూడా ఆయన హయాంలో జరిగినదే.

శాంతి దళం ఉపసంహరణ

1956 సూయజ్ యుద్ధం తరువాత ఈజిప్టు, ఇజ్రాయెల్‌ల మధ్య సమితి ఒక శాంతి దళాన్ని నిలిపింది. దానిని తన భూభాగంపై ఉంచుకోవడానికి ఇజ్రాయెల్ మొదటి నుండీ నిరాకరించినందున, దళం ఈజిప్టు సమ్మతితో ఈజిప్టు వైపున మాత్రమే ఉండేది. 1967 మే 16 రాత్రి ఈజిప్టు సైన్యాధికారులు దళాధిపతి రిఖీని సరిహద్దు నుండి వైదొలగమన్నారు. 18న ఆ ప్రభుత్వం అధికారికంగా ఉపసంహరణ కోరింది. తమ సైనికులను పంపిన దేశాలను థాంట్ సంప్రదించగా, ముఖ్య భాగస్వాములైన భారత్, యుగోస్లావియాలు ఈజిప్టు కోరికను మన్నించవలసినదే అన్నాయి. దళాన్ని సరిహద్దుకు అవతల నిలుపుతారా అని ఇజ్రాయెల్‌ను అడిగితే కాదన్నది. థాంట్ అదే రోజున ఉపసంహరణకు అంగీకరించాడు.

తరువాత నాసర్‌తో స్వయంగా మాట్లాడడానికి కైరో బయలుదేరాడు. ఆయన మార్గమధ్యంలో ఉండగానే ఇజ్రాయెల్ నౌకలకు టిరాన్ జలసంధిని మూసివేస్తున్నట్లు నాసర్ ప్రకటించాడు. జూన్ 5న యుద్ధం మొదలయింది. ఇంకా వెనుదిరగని శాంతి దళంలోని భారత సైనికులు గాజాలో ప్రాణాలు కోల్పోయారు.

యుద్ధానికి థాంట్ తొందరపాటే కారణమని పాశ్చాత్య పత్రికలు దుమ్మెత్తి పోశాయి. ఆతిథ్య దేశం వద్దన్న తరువాత మూడు వేల పైచిలుకు తేలికపాటి ఆయుధాల దళం రెండు సైన్యాల మధ్య నిలువజాలదని ఆయన సమాధానమిచ్చాడు. న్యాయశాస్త్ర రీత్యా ఈ వాదన బలమైనది. అయితే విషయాన్ని వెంటనే భద్రతా మండలి ముందుంచి, కొద్ది రోజులైనా కాలయాపన చేసి ఉండవచ్చునన్న విమర్శను పూర్తిగా త్రోసిపుచ్చలేము. 1962లో అగ్రరాజ్యాల నుండి వ్యవధి సంపాదించిన వ్యక్తి 1967లో దానిని అడగకుండానే వదలుకొన్నాడు. ఆ నిందను మాత్రం ఆయన ఒక్కడే మోశాడు, నిర్ణయాన్ని సమర్థించిన దేశాలు మౌనం వహించాయి.

చివరి సంవత్సరాలు

వియత్నాం విషయంలో 1964లో రంగూనులో రహస్య చర్చలకు థాంట్ చేసిన ప్రయత్నాన్ని అమెరికా తిరస్కరించింది. ఆ యుద్ధాన్ని బహిరంగంగా విమర్శించినందుకు ఆ ప్రభుత్వానికి దూరమయ్యాడు. 1968లో చెకోస్లోవేకియా ఆక్రమణను కూడా ఖండించాడు. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం 1965లో ఆయన కాలంలోనే ఏర్పడింది. 1971లో తూర్పు బెంగాల్ శరణార్థులకు సహాయ కార్యక్రమాలు నిర్వహించి, ఉపఖండంలో యుద్ధం రాగలదని జూలైలోనే భద్రతా మండలిని హెచ్చరించాడు. మండలి కదలలేదు. మూడవసారి పదవిని నిరాకరించి ఆ డిసెంబరులో విరమించాడు. ఆత్మకథాత్మక గ్రంథం "వ్యూ ఫ్రం ది యూఎన్" మరణానంతరం 1978లో వెలువడింది.

మరణం, అంత్యక్రియల వివాదం

థాంట్ ఊపిరితిత్తుల క్యాన్సరుతో 1974 నవంబరు 25న న్యూయార్కులో మరణించాడు. పార్థివదేహాన్ని రంగూనుకు తెచ్చినప్పుడు సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వ లాంఛనాలు నిరాకరించాడు. పదవీచ్యుతుడైన ఊ ను 1969లో సమితి ప్రధాన కార్యాలయంలో విలేకరుల సమావేశం పెట్టి నే విన్‌పై తిరుగుబాటుకు పిలుపునిచ్చాడు. ఆ సమయంలో థాంట్ న్యూయార్కులో లేనప్పటికీ నే విన్ ఆ విషయాన్ని మరువలేదు. విమానాశ్రయానికి వచ్చిన ఒకే ఒక ప్రభుత్వ ప్రతినిధి, విద్యాశాఖ ఉపమంత్రి ఊ ఆంగ్ టున్, పదవి పోగొట్టుకొన్నాడు.

డిసెంబరు 5న అంత్యక్రియలకు తీసుకొని వెళ్లుతుండగా విద్యార్థులు శవపేటికను విశ్వవిద్యాలయానికి తరలించారు. 1962లో సైన్యం పేల్చివేసిన విద్యార్థి సంఘ భవనం ఉండిన స్థలంలో సమాధి చేశారు. 11వ తేదీ తెల్లవారుజామున సైన్యం ప్రాంగణంలోకి చొరబడి, పేటికను వెలికితీసి, ష్వేడగోన్ పగోడా పాదం వద్ద తిరిగి ఖననం చేసింది. అల్లర్లు చెలరేగగా రంగూనులో సైనిక శాసనం విధించారు. పలువురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. నగరంలో థాంట్ కుటుంబం నివసించిన ఇంటిని తదుపరి కాలంలో స్మారక ప్రదర్శనశాలగా మార్చారు.