తోటమాలి ఆచార్యుడు – సర్ పాట్రిక్ గెడ్డీస్

ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అనే మాట వినగానే మనవాళ్లలో చాలామందికి గుర్తొచ్చేది హోటలు ముందు పచ్చగడ్డి, గేటుకు అటో ఇటో రెండు పామ్ మొక్కలు, మధ్యలో ఫౌంటెను. భవనం పూర్తయి, రంగులు వేయించి, చేతిలో డబ్బు అయిపోవచ్చాక పిలిచే మనిషి అన్నమాట. ఆ వృత్తి పేరును బ్రిటన్‌లో తనకు తాను తగిలించుకున్న మొదటివాళ్లలో ఒకాయన వృక్షశాస్త్రం పాఠాలు చెప్పుకునే మాస్టారనీ, ఆ మాస్టారే మన దేశం వచ్చి పదేళ్లు వీధివీధీ తిరిగాడనీ, హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి స్థలం చూసినవాడూ ఆయనేననీ చెబితే మా మిత్రులు నమ్మలేదు. అందుకే ఈ సావనీరుకు ఆయన జీవితమే రాద్దామనుకున్నాను.

పేరు పాట్రిక్ గెడ్డీస్. మా ఉత్తరాంధ్రలో గెడ్డ అంటే కొండ మీంచి దిగే వాగు. మేఘాద్రిగెడ్డ పేరు విశాఖలో నీళ్లు తాగిన వాళ్లందరికీ తెలుసు. ఈ మనిషికి ఆ పేరు ఎవరో కావాలని పెట్టినట్టుంటుంది. ఆయన ఆలోచన అంతా కొండ దగ్గర మొదలై నీటి వెంట సముద్రం దాకా సాగేదే.

ఆయన 1854 అక్టోబరు 2న స్కాట్లండులోని బాలటర్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి సైన్యంలో చేసిన మనిషి. పెరిగింది పెర్త్ పట్టణం పక్కన, ఒక కొండ వాలు మీద ఉన్న చిన్న ఇంట్లో. ఇంటి చుట్టూ తోట, తోటలో తండ్రితో పాటు పని, కొండెక్కితే కింద ఊరూ నదీ పొలాలూ ఒక్క చూపులో కనిపించడం - ఇదీ ఆయన ప్రాథమిక విద్య. కొన్నాళ్లు బ్యాంకులో ఉద్యోగం చేశాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదవబోయి, ఎండబెట్టిన మొక్కల పాఠం నచ్చక వారం రోజుల్లో బయటికి వచ్చేశాడు. లండను వెళ్లి, డార్విను పక్షాన వాదించి పేరుపొందిన థామస్ హక్స్‌లీ దగ్గర శిష్యుడిగా చేరాడు. డిగ్రీ పట్టా మాత్రం చివరిదాకా పుచ్చుకోలేదు. పట్టా లేని ఆచార్యుడు! మన రోజుల్లో అయితే ఇంటర్వ్యూ కార్డు కూడా వచ్చేది కాదు.

1879లో మొక్కలూ శిలాజాలూ సేకరించడానికి మెక్సికో వెళ్లాడు. అక్కడ కళ్లు దెబ్బతిని, కొన్ని వారాలు చీకటి గదిలో కట్టు కట్టుకుని పడుకోవలసి వచ్చింది. చూపు తిరిగి వచ్చింది గాని, గంటల తరబడి మైక్రోస్కోపు చూసే పని ఇక కుదరదని తేలిపోయింది. జీవశాస్త్రవేత్తకు అంతకన్నా పెద్ద దెబ్బ లేదు. ఆ చీకట్లోనే కాగితాన్ని గళ్లుగా మడిచి, వేళ్లతో తడుముతూ, ఒక్కో గడికి ఒక్కో విషయం కేటాయించి, వాటి మధ్య సంబంధాలు ఆలోచించడం అలవాటు చేసుకున్నాడు. జీవకణం చూడలేకపోతే పోనీ, ఊరిని చూద్దామనుకున్నాడు. ఊరు కూడా ఆయనకు ప్రాణమున్న జీవిలాగే కనిపించింది.

1886లో ఆనా మోర్టన్‌ను పెళ్లి చేసుకున్నాడు. దంపతులిద్దరూ హాయిగా కొత్త పేటలో ఇల్లు తీసుకోవచ్చు. అలా చేయలేదు. ఎడింబరో పాత బస్తీలో, మురికి, జబ్బులు, ఇరుకు మెట్లు ఉన్న జేమ్స్ కోర్టులో కాపురం పెట్టారు. ఇరుగుపొరుగుల్ని పోగుచేసి గోడలకు సున్నాలు వేయించారు, కిటికీల్లో పూలకుండీలు పెట్టించారు. కూలిపోయిన ఇళ్ల జాగాలు దొరికినచోటల్లా గుప్పెడు తోటలు వేయించారు. బస్తీని పడగొట్టి కొత్తది కట్టాలనే వాళ్లకు ఆయన ఎప్పుడూ వ్యతిరేకి. వైద్యుడు పాడైన పన్ను పీకుతాడు గాని దవడ కోసేయడు కదా, అదీ ఆయన లెక్క. పాడైన ఒకటి రెండు ఇళ్లు తీసేస్తే గాలీ వెలుతురూ వస్తాయి, మిగతా వాళ్లు ఉన్నచోటే ఉంటారు.

విద్యార్థి సంఘం సావనీరు గనక ఈ సంగతి చెప్పక తప్పదు. 1887లో ఆయన ఎడింబరోలో ఒక విద్యార్థి వసతిగృహం తెరిచాడు. దానికి వార్డెను లేడు. భోజనం మొదలు నియమాల వరకు అన్నీ అక్కడ ఉండే కుర్రాళ్లే చూసుకునేవారు. ఆ హాస్టలు కూడా పాత బస్తీలోనే పెట్టాడు. చదువుకునేవాళ్లు ఊరి మధ్య ఉండాలనీ, ఊరు చదువుకునేవాళ్లకు కనిపిస్తూ ఉండాలనీ ఆయన పట్టుదల.

1888లో డండీలో వృక్షశాస్త్ర ఆచార్య పదవి వచ్చింది. ఏడాదిలో వేసవి టెర్ము మాత్రమే పాఠాలు. మిగతా నెలలు తిరుగుడే. ఎడింబరో కోట పక్కన ఒక బురుజు తీసుకుని, దానిపైన ఊరంతా కనిపించే అద్దాల గది, కింది అంతస్తుల్లో ఆ ఊరు, ఆ దేశం, ఆ ఖండం, చివరికి ప్రపంచం - ఇలా ఒక ప్రదర్శనశాల ఏర్పాటు చేశాడు. 1903లో ఉక్కు కోటీశ్వరుడు కార్నెగీ తన సొంత ఊరు డన్‌ఫర్మ్‌లిన్‌కు ఒక పెద్ద లోయను పార్కు కోసం ఇచ్చాడు. ఆ ట్రస్టు గెడ్డీస్‌ను ప్లాను అడిగింది. ఆయన పార్కు ఒక్కటే గీసి ఊరుకుంటాడా? మురికైపోయిన వాగు శుభ్రం చేయడం దగ్గర్నుంచి, పాత మిల్లుల్నీ, ఇళ్లనూ, బడులనూ కలుపుకుని ఊరు మొత్తం గురించి 1904లో ఒక గ్రంథమే ఇచ్చాడు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అన్న బోర్డు పెట్టుకున్నది ఆ రోజుల్లోనే. ట్రస్టు వాళ్లు ఆ గ్రంథం పక్కన పెట్టేశారు. వృత్తి మొదటి మెట్టు మీదే ఆయనకు ఎదురైన అనుభవం అది: వాళ్లు అడిగింది తోట, ఈయన చెప్పింది ఊరు.

ఇక ఆయన ఆలోచనలన్నిటిలోకీ నాకు మిక్కిలి ఇష్టమైనది లోయ పటం. 1909 ప్రాంతాల్లో గీసిన ఒక మామూలు బొమ్మ అది. ఎడమ పక్క కొండ శిఖరం, కుడి పక్క సముద్రం, మధ్యలో వాలు. పైన గని పనివాడు, ఆ కింద కట్టెలు కొట్టేవాడు, వేటగాడు, గొర్రెల కాపరి, ఆ తర్వాత మెట్ట రైతు, మాగాణి రైతు, చిట్టచివర జాలరి. నేల ఎట్లా ఉంటే పని అట్లా, పనిని బట్టి మనిషి, మనుషుల్ని బట్టి ఊరు. పట్నం అనేది ఈ లోయ మొత్తం కలిసి కన్న బిడ్డ. లోయను చూడకుండా పట్నానికి ప్లాను గీయడం కుదరదు.

మాది పద్మనాభం. మా ఊరంటే చరిత్ర విద్యార్థులు 1794లో విజయరామరాజు కుంఫిణీ సైన్యంతో పోరాడి ప్రాణాలు విడిచిన యుద్ధం గుర్తుచేసుకుంటారు. భక్తులు కొండ మీద అనంత పద్మనాభస్వామిని, కింద కుంతీమాధవస్వామిని తలుచుకుంటారు. నేను మాత్రం గెడ్డీస్ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు వెయ్యికి పైబడిన ఆ మెట్లెక్కి వెనక్కి తిరిగితే కనిపించేదే చూశాను. అది అచ్చంగా గోస్తనీ లోయ. పైన అనంతగిరి కొండలు, బొర్రా సున్నపురాయి, కాఫీ తోటలు, పోడు చేసే గిరిజనులు. కిందికి దిగితే తాటిపూడి జలాశయం, విశాఖ నగరానికి తాగునీళ్లిచ్చే వాటిల్లో అదొకటి. ఆ కింద జామి, మా పద్మనాభం, వరి మళ్లు, కూరగాయలు, ఆనందపురం మార్కెట్టుకు వెళ్లే పూలు. చివర భీమిలి, జాలరి పేటలు, నది సముద్రంలో కలిసే చోటు. గెడ్డీస్ ఎన్నడూ చూడని లోయ. ఆయన బొమ్మలో ఒక్క గీత మార్చనవసరం లేదు.

ఆయన మన దేశం రావడం కూడా ఒక కథ. మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లాండ్ పిలుపు మీద 1914లో తన నగర ప్రదర్శన మొత్తాన్ని, అంటే ఏళ్ల తరబడి పోగుచేసిన పటాలూ చిత్రాలూ నమూనాలూ, ఓడకెక్కించి తాను వేరుగా బయల్దేరాడు. ఆ ఓడ పేరు క్లాన్ గ్రాంట్. సెప్టెంబరులో మద్రాసు మీద గుళ్లు కురిపించిన ఎమ్డెన్ యుద్ధనౌకే అక్టోబరులో దాన్ని ముంచేసింది. జీవిత కష్టార్జితం సముద్రం పాలైంది. ఇంకొకరైతే తిరుగు ఓడ ఎక్కేవారు. ఈయన స్నేహితులకు ఉత్తరాలు రాసి, మళ్లీ పటాలు తెప్పించి, 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన తెరిచాడు. తర్వాత ఆ రాజధానిలోని పట్టణాలు చూస్తూ నివేదికలు రాశాడు.

ఆయన పద్ధతి అధికారులకు మింగుడు పడేది కాదు. పొద్దున్నే లేచి కాలినడకన సందుల్లో తిరిగేవాడు. బావులు, రచ్చబండ్లు, గుడి ముందు రావిచెట్టు, రథం తిరిగే వీధి, అన్నీ చూసేవాడు. అప్పట్లో మలేరియా వస్తోందని చెరువులు పూడ్చేయాలన్నది ఇంజనీర్ల మాట. ఆయన ఒప్పుకోలేదు. చెరువులో చేపలూ బాతులూ పెంచండి, దోమ పిల్లల్ని అవే తింటాయి, చెరువుంటే ఊరు చల్లగా ఉంటుంది, బావుల్లో నీరుంటుంది అని వాదించాడు. నూరేళ్ల కిందటి మాట. చెరువు పూడ్చి బస్టాండు కట్టిన ఊళ్లు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టలేం.

ఇండోరులో ప్లేగు ఉన్న రోజుల్లో ఆయన చేసిన పని మరీ తమాషా. దీపావళికి పెద్ద ఊరేగింపు తీస్తామనీ, ఏ వీధుల్లో ఎక్కువ ఇళ్లు శుభ్రం చేసుకుని సున్నాలు వేసుకుంటే ఆ వీధుల గుండానే అది వెళుతుందనీ చాటింపు వేయించాడు. ఊరంతా చీపుళ్లు పట్టుకుంది. ఊరేగింపులో పారిశుధ్య కార్మికులు తెల్లబట్టలు కట్టుకుని, పూలదండలతో, అలంకరించిన బళ్లతో గౌరవంగా నడిచారు. ప్లేగుకు గుర్తుగా పెద్ద ఎలుక బొమ్మను తగలబెట్టారు. ఇంటింటికీ తులసి మొక్కలు పంచారు. నోటీసులతో కాని పని పండగతో అయింది. 1918లో అచ్చయిన ఇండోరు నివేదిక రెండు సంపుటాలు ఇప్పటికీ చదవదగ్గవి.

మధ్యలో 1917 వచ్చింది. ఏప్రిల్‌లో పెద్ద కొడుకు అలస్డేర్ ఫ్రాన్సు యుద్ధరంగంలో చనిపోయాడు. అప్పటికే ఆనా ఇక్కడ జ్వరంతో మంచం పట్టి ఉంది. కొడుకు పోయిన సంగతి భార్యకు చెప్పకుండా ఆయన దాచాడు. జూన్‌లో ఆమె కూడా ఆ వార్త తెలియకుండానే కన్నుమూసింది. తర్వాత కూడా ఆయన పని ఆపలేదు. అది గుండె నిబ్బరమో, పనిలో తలదాచుకోవడమో నేను చెప్పలేను.

1919 నుంచి 1924 దాకా బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రాచార్యుడు. ఆ రోజుల్లోనే నిజాం ప్రభుత్వం కొత్త విశ్వవిద్యాలయానికి స్థలం చూడమంటే హైదరాబాదు చుట్టుపక్కల జాగాలన్నీ పరిశీలించి 1923లో నివేదిక ఇచ్చాడు. అడిక్‌మెట్ ఎత్తు నేల మీద ఉస్మానియా లేవడానికి అదే పునాది. ఆర్ట్స్ కళాశాలకు 1934లో శంకుస్థాపన జరిగి 1939లో ప్రారంభమయ్యే నాటికి ఆయన లేడు. ఆ భవనం గీసిన జాస్పర్ పేరు అక్కడక్కడ వినిపిస్తుంది. ముందు నేల చూసిన మనిషి పేరు ఎవరూ తలవరు. ఈ వృత్తిలో ఉన్న దురదృష్టమే అది.

ఆయన లోపాలూ చెప్పాలి. గడ్డంలోకి గొణిగేవాడు, రెండో వరసకు పాఠం వినిపించేది కాదు. మొదలుపెట్టినవి పూర్తి చేసే ఓపిక తక్కువ. నివేదికలు ఎన్నో దుమ్ముకొట్టుకుపోయాయి. 1925 నాటి టెల్ అవీవ్ ప్లానుకు మాత్రం ఆచరణలో చాలా భాగం రూపం దక్కింది. 1924లో ఫ్రాన్సులోని మాంట్‌పెలియే చేరి అక్కడ ఒక విద్యార్థి నిలయం, తోట కట్టుకుంటూ, 1932లో సర్ బిరుదు అందుకున్న కొద్ది నెలలకే ఏప్రిల్ 17న పోయాడు.

ఆయన తర్వాత ఈ వృత్తికి సంఘాలు, కోర్సులు వచ్చాయి. అమెరికాలో 1899లోనే సంఘం ఉంది, అంతర్జాతీయ సమాఖ్య 1948లో పుట్టింది. మన దేశంలో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 1972లో పోస్టుగ్రాడ్యుయేట్ కోర్సు పెట్టింది. ఇండియన్ సొసైటీ ఆఫ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్స్ 2003లో ఏర్పడింది. 2008లో మొదలైన విజయవాడ స్కూల్లోనూ ఈ చదువు ఉంది. కాని 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం రిజిస్టరు చేసేది ఆర్కిటెక్టులను. ల్యాండ్‌స్కేప్ వాళ్లకు వేరే పట్టిక లేదు. నర్సరీ యజమాని కూడా అదే బోర్డు పెట్టుకోవచ్చు. నర్సరీ వాళ్లను తక్కువ చేయడం లేదు, మొక్కల సంగతి వాళ్లకే బాగా తెలుసు. నీరు ఎటు పోతుందో, గాలి ఎటు కొడుతుందో, పదిహేనేళ్ల తర్వాత చెట్టు ఎంతవుతుందో మొత్తంగా చూసే చదువు వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన మర్నాడు వాల్తేరు క్యాంపస్‌లో నడిచినవాళ్లకు ఆ తేడా తెలిసే ఉంటుంది. నేను చూసినంతలో, నీడ కోసం నాటిన పైవేరు చెట్లు వరసకు వరస పడిపోయాయి. తాటిచెట్లు నిలబడ్డాయి.

ఇప్పుడు మా లోయకు వేళ వచ్చింది. భోగాపురంలో విమానాశ్రయం పనులు 2023లో మొదలైన దగ్గర్నుంచి మా వైపు పొలాల్లో హద్దురాళ్లు లేస్తున్నాయి. ఈమధ్య ఒక లేఔట్ నక్షా నా చేతికి వచ్చింది. ఎవరిదో చెప్పను. రోడ్లు, ప్లాట్లు, నంబర్లు చక్కగా ఉన్నాయి. నిబంధన ప్రకారం పదో వంతు ఖాళీ జాగా కూడా ఉంది, ఎవరికీ అమ్ముడుపోని ఒక ముక్కోణపు మూలలో. ఆ పొలాల మధ్యగా చిన్నప్పటి నుంచి నేనెరిగిన గెడ్డ మాత్రం నక్షాలో లేదు. దాని మీద ప్లాట్లు ఉన్నాయి. ఆ పదో వంతే గెడ్డకు రెండు పక్కలా పొడుగ్గా వదిలితే అమ్మేవాడికి పోయేది అంగుళం లేదు, వాన నీళ్లకు దారి ఉంటుంది, గట్టున తాటిచెట్లుంటాయి, పిల్లలకు పార్కూ అదే. నక్షా గీసే రోజున ఈ ముక్క చెప్పేవాడు అక్కడ లేడు. ఇళ్లు లేచాక గడ్డి వేయడానికి ఒకణ్ణి పిలుస్తారు.

ఆర్కిటెక్చరు, వృక్షశాస్త్రం, భూగోళశాస్త్రం విభాగాల మిత్రులు ఎవరైనా తాటిపూడి నుంచి భీమిలి దాకా గోస్తనీ వెంట నడిచి, గెడ్డలూ చెరువులూ గుర్తుపెట్టి ఒక పటం గీస్తానంటే, పద్మనాభంలో బస, భోజనం మా ఇంట్లోనే. వానలు తగ్గాక, సంక్రాంతికి ముందు వస్తే నడవడానికి బాగుంటుంది. గట్లు అప్పటికి ఆరి ఉంటాయి.