ఒక జలాశయము, రెండు ఫలములు

మోక్షగుండం విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థానమున ముద్దెనహళ్లి గ్రామములో జన్మించెను. ఆయన పూర్వులు ఆంధ్రదేశమందలి మోక్షగుండమువారు.

బొంబాయి రాష్ట్రమున ఇంజనీరుగా నున్నపుడు, కాలువ నీటిని కొలదిమందియే విచ్చలవిడిగా వాడుకొనుట ఆయన చూచెను. భూములను ఖండములుగా విభజించి, వానిలో పంటలను మార్చి మార్చి వేయించు పద్ధతిని ప్రవేశపెట్టి, ఆ నీరే అనేక గ్రామములకు చేరునట్లు చేసెను.

1909లో ఆయన మైసూరునకు చీఫ్ ఇంజనీరుగా వచ్చెను. అప్పటికి శివనసముద్రమున కావేరి జలపాతము వలన విద్యుత్తు పుట్టి, కోలారు బంగారు గనులకు పోవుచుండెను. కాని వేసవిలో నది చిక్కిపోయెడిది. వానకాలపు వరదలు కడలిపాలయ్యెడివి. కన్నంబాడి కడ ఆనకట్ట కట్టినచో విద్యుత్తునకును, మండ్య ప్రాంతపు మెట్టభూములకును నీరు దొరకునని ఆయన తలంచెను. వ్యయము మిక్కిలి యెక్కువయని ఆర్థికశాఖ అడ్డు చెప్పెను. విద్యుత్తు వలన రాగల ఆదాయమును ఆయన లెక్కలతో నిరూపింపగా, మహారాజు 1911లో అనుమతించెను.

కన్నంబాడి మొదలగు గ్రామములు నీట మునిగినవి. వాని ప్రజలు ఇండ్లు విడిచి వేరుచోట్లకు తరలిరి. రెండు దశాబ్దములకు కృష్ణరాజసాగరము పూర్తికాగా, మండ్య సీమలో వరియు చెరకును పండెను. విశ్వేశ్వరయ్య 1962లో కీర్తిశేషుడయ్యెను. ఆ సీమకు నీరు తెచ్చు కాలువ నేటికిని ఆయన పేరనే పారుచున్నది.