కేశనాళికతో తొలి అడుగు

కర్నూలు, కడప సీమల నల్లరేగడి చేలలో వాన వెలిసి పదును కుదరగానే రైతు గుంటక తోలి పైమట్టిని గుల్ల చేస్తాడు. మట్టిరేణువుల నడుమ వెంట్రుకవంటి సన్నని దారులుంటాయి. నీటి అణువులు వాటి గోడలను అంటిపెట్టుకొని, తోటి అణువులను వెంట లాగుతూ పైకి ప్రాకుతాయి. దారి ఎంత సన్ననిదైతే నీరు అంత ఎత్తుకు చేరుతుంది. పైమట్టి గుల్లబారితే ఆ దారులు తెగి, తేమ త్వరగా ఆవిరి కాక నేలలో నిలుస్తుంది. దీపపు వత్తిలో నూనె ఎగబ్రాకడానికీ ఇదే కారణం. దీనినే శాస్త్రజ్ఞులు కేశనాళికీయత అన్నారు. ఒక మహాశాస్త్రవేత్త పరిశోధనా జీవితం ఈ విషయంతోనే మొదలైంది. ఆయనే ఆల్బర్ట్ ఐన్‌స్టీన్.

ఐన్‌స్టీన్ 1879 మార్చి 14న జర్మనీలోని ఉల్మ్ నగరంలో జన్మించాడు. 1900లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్ సాంకేతిక విద్యాలయంలో పట్టభద్రుడైనాడు. సహాధ్యాయులకు అక్కడే ఉద్యోగాలు లభించినా ఆయనకు లభించలేదు. అణువులు నిజంగా ఉన్నాయా అని కొందరు పండితులు సందేహిస్తున్న కాలమది. ఆ నిరుద్యోగ దశలోనే ఆయన వివిధ ద్రవాల తలతన్యత కొలతలను పరిశీలించి, వాటి నుండి అణువుల మధ్య ఆకర్షణను గణించబూనాడు. ఆ తొలి వ్యాసం 1901లో ప్రఖ్యాత జర్మన్ భౌతికశాస్త్ర పత్రికలో వెలువడింది.

దాని ప్రతిని జతపరచి, ఉద్యోగం కోరుతూ లైప్‌జిగ్‌లోని ఓస్ట్‌వాల్డ్ ఆచార్యునికి లేఖ వ్రాశాడు. సమాధానం రాలేదు. కుమారుని ఆవేదన చూడలేక తండ్రి హెర్మన్, అతనికి తెలియకుండా, అదే ఆచార్యుని అర్థిస్తూ మరొక లేఖ వ్రాశాడు. దానివల్లనూ ఉద్యోగం రాలేదు. చివరకు 1902లో బెర్న్ పేటెంట్ కార్యాలయంలో చిన్న కొలువు దొరికింది.

తొలి వ్యాసంలోని ఊహ నిలువలేదు. తరువాతి కాలంలో ఐన్‌స్టీన్ స్వయంగా దానిని విలువలేనిదిగా తలచాడు. అయినా అణువుల అన్వేషణను మాత్రం విడువలేదు. 1905లో వాటి పరిమాణాన్ని గణించే పద్ధతిని చూపాడు. నీటిలోని సూక్ష్మరేణువుల ఎడతెగని కదలికకు అణువుల తాకిడియే కారణమని వివరించాడు. పారిస్‌లో పెరిన్ జరిపిన ప్రయోగాలు దీనిని ధ్రువపరచాయి. అణువులను విశ్వసించని ఓస్ట్‌వాల్డ్ సైతం తన అభిప్రాయాన్ని మార్చుకున్నాడు. అంతేకాక, 1910లో సాపేక్ష సిద్ధాంతానికిగాను ఐన్‌స్టీన్ పేరును నోబెల్ బహుమతికి ప్రతిపాదించాడు. ఒకనాడు లేఖకు బదులివ్వని ఆచార్యుడే ఆ పని చేశాడు!

కాంతి విద్యుత్ ఫలితాన్ని వివరించినందుకు 1921వ సంవత్సరపు నోబెల్ బహుమతి ఐన్‌స్టీన్‌కు లభించింది. 1955 ఏప్రిల్ 18న అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఆయన కన్నుమూశాడు. తొలి సమాధానం తప్పినా ప్రశ్నను విడువరాదని ఆయన జీవితం తెలుపుతున్నది.