బట్టల కొట్టు నడిపిన ఇమామ్

చీరాల నేతన్నల తేలియా రుమాళ్ళు ఒకప్పుడు అరబ్బు దేశాలకు వెళ్ళేవి. నేత, బట్టల వ్యాపారం మీద బతికే కుటుంబాలు ప్రత్యేకంగా తెలుసుకోదగ్గ జీవితం ఇమామ్ అబూ హనీఫా (రహ్మ)ది.

ఆయన హిజ్రీ 80 (క్రీ.శ. 699)లో ఇరాక్‌లోని కూఫాలో బట్టల వర్తకుల ఇంట జన్మించారు. ఇమామ్ షాబీ (రహ్మ) ప్రోత్సాహంతో ధార్మిక విద్య వైపు మళ్ళారు. హమ్మాద్ (రహ్మ) వద్ద ఏళ్ళ తరబడి ఫిఖహ్ అభ్యసించారు. అయినా చేతనైన వ్యాపారాన్ని వదులుకోలేదు. ఆ సంపాదనతోనే ఇల్లు గడిచింది, పేద శిష్యుడు అబూ యూసుఫ్ (రహ్మ) చదువూ సాగింది.

ఒకసారి లోపమున్న వస్త్రాన్ని భాగస్వామి హఫ్స్‌కు అప్పగించి, లోపం చెప్పి అమ్మమన్నారు. ఆయన మరచిపోయి చెప్పకుండానే అమ్మేశారు. కొన్నవారెవరో తెలియలేదు. ఆ సొమ్మంతా ఇమామ్ దానం చేసేశారని చరిత్రకారులు రాశారు.

ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి ఇవ్వజూపితే నిరాకరించి, చెరసాల పాలయ్యారు. హిజ్రీ 150 (క్రీ.శ. 767)లో బాగ్దాద్‌లో పరమపదించారు. సొంత సంపాదన ఉన్న ఆ పండితుణ్ణి దర్బారు కొనలేకపోయింది.

సోదర సోదరీమణులారా! కుట్టుపని, అద్దకం, నేత - మీకు వచ్చిన పనేదైనా ఉన్న పనికి తోడుగా చేపట్టండి. సరుకులో లోపముంటే మాత్రం ముందే చెప్పండి. హలాల్ సంపాదనకు అదే పునాది.