సీసముపై పోరాడిన శాస్త్రజ్ఞుడు: క్లేర్ ప్యాటర్సన్

ఒకదానిని వెదకబోయి మరొక మహాసత్యాన్ని కనుగొన్న శాస్త్రజ్ఞులు కొందరున్నారు. భూమి వయస్సును లెక్కింపబూని, నగరవీథులలో కంటికి కనబడక వ్యాపించిన విషాన్ని బయటపెట్టిన క్లేర్ ప్యాటర్సన్ అట్టివాడు.

అతడు 1922లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జన్మించినాడు. రసాయనశాస్త్రం అభ్యసించి, చికాగో విశ్వవిద్యాలయంలో పరిశోధన ఆరంభించినాడు. యురేనియం యుగాల తరబడి క్షీణించి సీసంగా మారుతుంది. కనుక శిలలోని సీసాన్ని కొలిచినచో దాని వయస్సు తెలుస్తుంది. కాని ఎన్నిమారులు కొలిచినా లెక్క కుదరలేదు. ఉండవలసిన దానికంటె సీసం ఎన్నో రెట్లు అధికంగా కనబడింది. అది శిలలోనిది కాదు. గాలిలో, నీటిలో, పాత్రలపై ఉన్న సీసమే వచ్చి కలుస్తున్నదని అతడు గ్రహించినాడు. పిదప కాలిఫోర్నియాలో ధూళి చొరని ప్రయోగశాలను నిర్మించుకొని, ఉల్కాశకలాలను పరీక్షించి, భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరాలని 1956లో ప్రకటించినాడు.

ఆ కీర్తితో తృప్తిపడి ఊరకుండవచ్చును. కాని ఈ సీసం ఎక్కడిదన్న ప్రశ్న అతనిని విడువలేదు. మోటారు ఇంజనులలో టకటక శబ్దం రాకుండా 1923 నుండి పెట్రోలులో సీసపు సమ్మేళనాన్ని కలుపుతూ వచ్చినారు. అది కార్ల పొగతో గాలిలో చేరి, పిల్లలు ఆడుకొనే నేలపై పేరుకొన్నది. పసివారి మెదడు ఎదుగుదలకు సీసం గొడ్డలిపెట్టు. గ్రీన్లాండు మంచుపొరలను పరీక్షించగా, ప్రాచీనకాలం నాటికంటె 1965 నాటికి సీసం ఇన్నూరు రెట్లు పెరిగినట్లు తేలింది.

మనుష్యుల శరీరంలో సహజంగా ఉండవలసిన దానికి సుమారు నూరు రెట్లు సీసం ఉన్నదని ప్యాటర్సన్ 1965లో వ్రాసినాడు. కొద్దిపాటి సీసం హానిచేయదని పరిశ్రమపక్షంవారు వాదించినారు. అతని పరిశోధనకు లభిస్తున్న ధనసహాయం కొంత ఆగిపోయింది. 1971లో ఈ విషయాన్నే విచారించిన జాతీయ సంఘంలో అతనికి చోటు దొరకలేదు. తరువాత 1978లో చోటు దొరికినప్పుడు, తక్కిన సభ్యులతో ఏకీభవింపక తన అభిప్రాయాన్ని వేరుగా వ్రాసియిచ్చినాడు.

క్రమంగా సత్యమే నెగ్గింది. అమెరికాలో పెట్రోలులోని సీసం తగ్గినకొలది ప్రజల రక్తంలోని సీసమూ తగ్గింది. అచట కార్లకు సీసపు పెట్రోలు అమ్మకం 1996 జనవరి 1న పూర్తిగా నిషిద్ధమైనది. అంతకు నెలలోపే, 1995 డిసెంబరులో, ప్యాటర్సన్ కన్నుమూసినాడు. భారతదేశంలో 2000లోను, ప్రపంచంలో చివరిగా అల్జీరియాలో 2021లోను కార్లకు ఆ పెట్రోలు అమ్మకం ముగిసింది.

లోహానికి నాశం లేదు. ఆనాటి సీసం నగరాల బాటల పక్క మట్టిలో ఇంకను మిగిలియున్నది. కాని నేటి పసివారు పీల్చే గాలిలో అది ఎంతో తగ్గినదన్నచో, లెక్క కుదరనప్పుడు కారణాన్ని తుదివరకు వెదకిన ఆ ఒక్కని పట్టుదలకు అందులో గొప్ప పాలున్నది.