కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడుగారు

బలశాలియైన బాలుని కోడి రామమూర్తితో పోల్చుట ఆంధ్రదేశమున చిరకాలము వాడుకగా నుండెను. ఆ పేరు వినగానే రొమ్ముమీద నేనుగును నడిపించుకొన్న మహాకాయుడు కన్నులకు గట్టును. కాని ఆయన మొదట నేర్చినది ఏనుగు నెత్తుట కాదు, కుస్తీ. ఈ రెంటికి గల భేదమును గుర్తించిననే గాని ఆయన జీవితము మన యువకులకు ఉపయోగపడదు.

నాయుడుగారు 1882లో వీరఘట్టమున జన్మించిరి. ఆ గ్రామము 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరియున్నది. తల్లి చిన్ననాటనే గతించుటచే తండ్రి వెంకన్నగారు బాలుని విజయనగరములో పోలీసు ఉద్యోగియైన సోదరుని యొద్దకు పంపిరి. అచ్చటి వ్యాయామశాలయే ఆయనకు నిజమైన బడి. దండీలు, బస్కీలు, ఎర్రమట్టి గోదాలో పట్లు, ఇవియే పాఠములు. పిమ్మట మద్రాసు చేరువనున్న సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరమునకు మరలివచ్చి వ్యాయామోపాధ్యాయులైరి.

నాయుడుగారు పుట్టిన యేటనే, 1882లో, జపాను దేశమున జిగోరో కానో యను పండితుడు జూడో విద్యకు పాఠశాల స్థాపించెను. యుద్ధమునకై పుట్టిన ప్రాచీన జుజుత్సులో ఎముకలు విరుచు పట్లను, మర్మస్థానములపై దెబ్బలను ఆయన పోటీనుండి తొలగించెను. క్రీడగా మార్చి విద్యను బలహీనపరచినాడని అనుకొనుట సులభమే. కాని ప్రమాదకరమైనవి తొలగుటచేతనే శిష్యులు నిత్యము పూర్తిబలముతో ఒకరినొకరు ఎదుర్కొనగలిగిరి. లొంగనొల్లని మనుష్యునితో పెనుగులాడు అలవాటు వేరొక విధముగా రాదు. మన కుస్తీయందును ఇదే గుణము కలదు. వెన్ను నేలకు తాకిన ఓటమి, కన్ను పొడువరాదు, గొంతు నులుమరాదు. ఈ కట్టుబాట్లలోనే నాయుడుగారి దేహము తీరినది.

సర్కసు కథ వేరు. సొంతముగా సర్కసు నెలకొల్పి ఆయన ఊరూర గావించిన ప్రదర్శనలు లోకప్రసిద్ధములు. దేహమునకు చుట్టిన ఉక్కు గొలుసును ఊపిరి పూరించి తెంచుట, రెండు మోటారుకార్లకు త్రాళ్లు కట్టించి కదలనీయకుండుట, రొమ్ముపై పలకనుంచి దానిమీదుగా ఏనుగును నడిపించుట అందు ముఖ్యములు. పలక ఏనుగు బరువును దేహమంతట పంచును. పూరించిన ఊపిరి రొమ్మును కాపాడును. ఇందు మోసము లేదు, అసాధారణ సాధన కలదు. అయినను గొలుసు ఎదురుతిరుగదు; ఏనుగు మావటివాని మాట వినును. ఎదుటివాని ఎత్తు కనిపెట్టవలసిన పని ఇందులేదు.

ఆ భేదము తేటపడు కథ యొకటి పెద్దలు చెప్పుకొందురు. రంగూనులో ఆయన కీర్తికి ఓర్వలేని కొందరు బసలో ఆయనను చంపజూడగా, వారిని విదలించి బయటపడిరట. కథ ఉన్నది ఉన్నట్లే జరిగినచో, ఆ రాత్రి ఆదుకొన్నది విజయనగరపు గోదాయే గాని సర్కసు పలక కాదు. అచ్చట మధ్యవర్తి లేడు, ఎదిరి ఒక్కడు కాడు, సమయము చెప్పి రాలేదు. ఇట్టి వేళకు చట్టమునందును ఒక హద్దు గలదు. 1860 నాటి శిక్షాస్మృతియు, దాని స్థానమున 2024 జూలైలో అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితయు ఆత్మరక్షణ హక్కును ఒప్పుకొనుచు, అవసరమునకు మించిన హానిని నిషేధించుచున్నవి. పట్టు ఎంత బిగింపవలెనో, ఎప్పుడు విడువవలెనో గోదాలో దినదినము నేర్చినవానికే తెలియును.

ఆ కాలము వేడి కూడ ఆయనకు తోడ్పడినది. 1907 ఏప్రిలులో బిపిన్ చంద్రపాలుగారు రాజమహేంద్రవరము వచ్చి ఉపన్యసించినప్పుడు మన గోదావరి జిల్లా యువకులు ఉప్పొంగిపోయిరి. వంగదేశమున వ్యాయామశాలలు దేశభక్తికి నెలవులైన రోజులవి. పరాధీనమైన జాతికి తమవాడొకడు ఉక్కు గొలుసు తెంచుట వట్టి వినోదముగా తోచలేదు. లండనులో అయిదవ జార్జి చక్రవర్తి దంపతుల యెదుట ప్రదర్శించి ఇండియన్ హెర్క్యులెస్ బిరుదము పొందినారని ప్రతీతి. ఆయన శాకాహారి యగుట మన పెద్దలకు మరింత గర్వకారణమైనది.

అయితే ఒక నష్టము కూడ చెప్పక తప్పదు. ఆయనను చూచివచ్చిన పిల్లలు రాళ్లెత్త మొదలిడిరి. కర్ర పట్టువారు తగ్గిరి. నేటికిని దసరానాడు అమలాపురమున తాలింఖానా వీథులలో కర్రలు, కత్తులు త్రిప్పుచు సాగును. చూడ ముచ్చటయే. కాని ఊరేగింపునకు వారము ముందు నేర్చిన త్రిప్పుళ్లు చీకటిదారిలో ఎంతవరకు పనికివచ్చునో సందేహమే. కర్రకు తోలుగాని గుడ్డగాని చుట్టి ఇద్దరు నిజముగా తలపడి అభ్యసించినచో ఆ విద్యయే వేరుగా నుండును. ఆడపిల్లలకును ఇట్లు నేర్పుటలో అభ్యంతరమేమి?

నాయుడుగారు ఆర్జించిన ధనము నిలువలేదు. దానములు విరివిగా చేసిరందురు. కాలికి పుండు లేచి, తుదకు ఆ కాలు తీయవలసివచ్చెను. కడపటి దినములు ఒరిస్సాలోని బలాంగీరులో గడపి, 1942 జనవరి 16న అచ్చటనే కన్నుమూసిరి. విశాఖపట్టణము సముద్రతీరమున ఆయన విగ్రహము కలదు. శ్రీకాకుళములోని క్రీడామైదానమునకు ఆయన పేరే పెట్టిరి.