వెంట్రుకవాసి లెక్క తెలిసిన బియాట్రిస్

స్టీలు గ్లాసులో గ్లాసు ఇరుక్కుపోయిందనుకోండి. మనమేం చేస్తాం? లోపలి దాన్లో చన్నీళ్లు పోసి, బయటి దాన్ని వేణ్నీళ్లలో ఉంచుతాం. బయటి గ్లాసు వేడికి కాస్త సాగి రెండూ విడివడతాయి. ఈ కిటుకు తెలియని ఇల్లాలుండదు. ఇప్పుడు దీన్నే తిరగేసి చూడండి. లోపలిది మండిపోతూ, బయటిది దానికన్నా చల్లగా ఉంటే? ఇంకా బిగుసుకుపోతుంది. మోటారు సైకిలు ఇంజనులో పిస్టను పడే అవస్థ ఇదే. మన గోదావరి జిల్లాల్లో ఆయిలింజన్లు చేలకి నీళ్లు తోడే రోజుల్లో పిస్టను పట్టేసిందంటే ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేది. ఆ రోజుకి తడి లేదన్నమాటే!

చేలో ఇంజను పట్టేస్తే పోయేది ఓ పూట నీళ్లు. గంటకి 100 మైళ్ల మీద పోతున్న బండిలో పట్టేస్తే వెనక చక్రం ఠక్కున బిగుసుకుని మనిషి ఎగిరిపడతాడు. ఆ ప్రమాదం తెలిసీ బండెక్కిన స్త్రీ, పిస్టను ఎంత వేడెక్కుతుందో ప్రయోగశాలలో కూచుని తేల్చిన ఇంజనీరు, ఇద్దరూ ఒకరే. పేరు బియాట్రిస్ షిల్లింగ్.

1909 మార్చి 8న ఇంగ్లండులోని హాంప్‌షైర్ ప్రాంతంలో పుట్టింది. తేదీ గమనించారా? మహిళా దినోత్సవం నాడు! తండ్రి మాంసం వ్యాపారి. అక్కచెల్లెళ్లు బొమ్మలతో ఆడుకుంటుంటే ఈ పిల్ల మెకానో ముక్కలు బిగించుకునేది. 14 ఏళ్లకే రాయల్ ఎన్‌ఫీల్డ్ మోటారు సైకిలు కొనుక్కుంది. చదువయ్యాక మార్గరెట్ పార్ట్‌రిడ్జ్ అనే మహిళా ఇంజనీరు దగ్గర చేరి, పల్లెటూళ్లలో కరెంటు వైర్లు లాగే పని మూడేళ్లు చేసింది. బియాట్రిస్‌ని కాలేజీకి పంపమని పట్టుబట్టింది ఆ పార్ట్‌రిడ్జే. మాంచెస్టర్‌లో 1932లో ఎలక్ట్రికల్ డిగ్రీ పుచ్చుకుని, మరో ఏడాది ఉండి మెకానికల్‌లో మాస్టర్స్ చేసింది.

పార్ట్‌రిడ్జ్ లాంటివాళ్లు నడిపిన మహిళా ఇంజనీర్ల సంఘం లండన్‌లో ఉండేది. 18 ఏళ్లకే భర్తని పోగొట్టుకుని, చంటిబిడ్డతో గిండీ కాలేజీలో చదివి ఎలక్ట్రికల్ ఇంజనీరైన మన తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలితగారు 1965లో ఆ సంఘంలోనే సభ్యురాలయ్యారు.

సరే, మళ్లీ పిస్టను దగ్గరికొద్దాం. మాస్టర్స్‌లో బియాట్రిస్ తీసుకున్న విషయం వేగంగా తిరిగే డీజిల్ ఇంజన్లలో పిస్టన్ల వేడి. తర్వాత బర్మింగ్‌హామ్‌లో ప్రొఫెసర్ మక్లో దగ్గర, గాలిని బలవంతంగా లోపలికి కూరే సూపర్‌ఛార్జర్ ఇంజన్ల మీద పరిశోధన. వేడి లెక్క ఎందుకంత ముఖ్యమంటారా? ఆ కాలపు రేసు ఇంజన్లలో పిస్టను అల్యూమినియం, సిలిండరు ఎక్కువగా పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా రెండింతలు సాగుతుంది. పైగా మంట తగిలేది ముందు పిస్టను నెత్తికే. 79 మిల్లీమీటర్ల పిస్టను నెత్తి 200 డిగ్రీలు వేడి పెరిగితే మిల్లీమీటరులో మూడో వంతు లావెక్కుతుంది. సిలిండరు 100 డిగ్రీలు పెరిగినా వెడల్పయ్యేది మిల్లీమీటరులో పదో వంతు కూడా కాదు. ఆ తేడాని చల్లగా ఉన్నప్పుడే సందుగా వదలాలి. నెత్తి దగ్గర ఎక్కువ, కింద తక్కువ. అందుకే పిస్టను చూడ్డానికి నిలువుగా ఉన్నట్టున్నా పైకి పోయేకొద్దీ కాస్త సన్నం.

పోనీ, భయమెందుకని బాగా వదులుగా ఉంచేస్తే? పిస్టను గోడలకి కొట్టుకుంటుంది, రింగుల పక్కనించి మంట కిందికి జారి బలం పోతుంది, నూనె పైకెక్కి కాలిపోతుంది. రింగు కొసల మధ్య కూడా సందుండాలి. లేకపోతే వేడికి సాగిన కొసలు ఒకదాన్నొకటి తోసుకుని రింగు విరిగిపోతుంది. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 100 సార్లు పిస్టను పైకెళ్లి తిరగబడుతుంది. ఆ ఊపుకి దాన్ని పట్టుకున్న ఉక్కు కడ్డీ కూడా సాగుతుంది. నిలబెట్టి కొలిచినప్పుడు బాగానే ఉన్న పిస్టను వేగంలో వాల్వుకి తగిలిందంటే అంతా తుక్కే. అందుకని రేసు మెకానిక్కులు పిస్టను మీద మెత్తని బంకముద్ద పెట్టి, ఇంజను చేత్తో తిప్పి, ముద్ద ఎక్కడ ఎంత పలచబడిందో కొలుస్తారు. చపాతీ మందం చూసినట్టే! పరుగు తర్వాత విప్పి, పిస్టను మీద మెరుస్తున్న మచ్చలుంటే అక్కడ ఆకురాయితో ఒక్క పిసరు తీస్తారు. రోడ్డు బండికి సరిపోయే సందు రేసు బండికి చాలదు. దాని వేడి వేరు.

నూనె మాట మరిచాను. ఆ రేసు బళ్లలో పోసేది ఎక్కువగా మన ఆముదమే! ఎంత వేడిలోనూ లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుందని. క్యాస్ట్రాల్ పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరునించి వచ్చిందే.

అప్పట్లో బ్రూక్‌లాండ్స్ రేసు బాటలో 100 మైళ్లు దాటినవాళ్లకి బంగారు నక్షత్రం ఇచ్చేవాళ్లు. 1934లో బియాట్రిస్ తన చేతుల్తో మార్చుకున్న నార్టన్ బండి మీద గంటకి 106 మైళ్లు తిరిగి దాన్ని గెల్చుకుంది. అది గెలిచిన స్త్రీలు మొత్తం ముగ్గురే. ఆమె రెండోది. 1938లో జార్జ్ నేలర్‌ని పెళ్లాడింది. అతనూ ఆ నక్షత్రం తెచ్చుకున్నాకే పెళ్లికి ఒప్పుకుందని ఓ కథ ఉంది. కట్నాల గొడవలు వినీ వినీ విసిగిన మనకి ఇది భలేగా లేదూ?

1936లో ఫార్న్‌బరోలో ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థలో చేరింది. మొదట ఇచ్చింది పుస్తకాలు రాసే పని. పోరి ఇంజన్ల విభాగానికి మారింది. 1940లో యుద్ధం నెత్తిన పడింది. స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలకి ఒక జబ్బు: ముక్కు కిందికి వంచగానే కార్బురేటర్‌లో పెట్రోలు పైకెగసి ఇంజను దగ్గేది, మరుక్షణం పెట్రోలు వరదలా వచ్చి ఉక్కిరిబిక్కిరయ్యేది. జర్మన్ విమానాలకి ఆ బాధ లేదు. ఆ రెండు మూడు క్షణాల్లో శత్రువు తప్పించుకునేవాడు, లేదా వీళ్ల ప్రాణం తీసేవాడు. బియాట్రిస్ చేసిన మందు బొటనవేలంత ఇత్తడి ముక్క, మధ్యలో ఒక చిల్లు. ఇంజను పూర్తి బలంతో నడవడానికి ఎంత పెట్రోలు కావాలో అంతే వదిలే చిల్లు. ఓ చుక్క తగ్గితే బలం చాలదు, పెరిగితే వరద. విమానాలని కార్ఖానాకి పంపక్కర్లేకుండా, 1941 మొదట్లో ఆమె తన చిన్న బృందంతో విమాన స్థావరాలు తిరిగి వాటిని బిగించింది. కొత్త రకం కార్బురేటర్లు వచ్చేదాకా అదే ఆధారం. పెళ్లయి మూడేళ్లయినా పైలట్లు మాత్రం దాన్ని మిస్ షిల్లింగ్ పేరుతోనే పిలిచారు.

ఇంత చేసినా ఆ సంస్థలో తనకి తగ్గ పై పదవి దక్కలేదు. అప్పుడూ అంతే మరి. 1967లో అమెరికన్ రేసరు డాన్ గర్నీ కారు ఈగిల్ వేడెక్కిపోతుంటే, సాయానికి వెతుక్కున్నది మాత్రం 58 ఏళ్ల ఈ ఆవిడనే. 1969లో రిటైరైంది. 1990 నవంబరు 18న కన్నుమూసింది. ఫార్న్‌బరోలో ఒక పబ్బుకి ఆమె పేరు పెట్టారు.